సైరంధ్రి పేరు

తెలుగువారికి విరాటపర్వముపై గల మక్కువ ఇంతింత యనరానిది. వానలు ముఖము చాటువేసిన యేట ఆ పర్వమును చదివించి వినుట తెలుగు పల్లెలలో చిరకాలముగా ఉన్న ఆచారము. కీచకవధ కొరకు కొందరు, ఉత్తరగోగ్రహణము కొరకు కొందరు, తిక్కనగారి మాటల పొందిక కొరకు కొందరు దానిని చెవియొగ్గి విందురు. అయితే ఆ కథనే ఒక ఉద్యోగిని కథగా చదివిచూచినచో, మన కాలపు ప్రశ్న యొకటి అందులో కానవచ్చును.

సైరంధ్రి సుదేష్ణాదేవి కొలువున కుదిరిన పరిచారిక. ఆమెకు తన అసలు పేరు చెప్పుకొను వీలు లేదు. చెప్పినచో అజ్ఞాతవాసము భంగమై, ఆమెయు ఆమె భర్తలు ఐదుగురును మరల పండ్రెండేండ్లు అడవుల పాలు కావలసినదే. ఆ కొలువులోనే రాణికి తోడబుట్టినవాడు, రాజునకు సేనాపతి యైన కీచకుడు ఆమెను బాధించెను. ఆమె పరుగున సభకు పోయి మొరపెట్టుకొనెను. నిండు కొలువులో కీచకుడు ఆమెను తన్నెను. విరాటుడు అతనిని దండింపలేకపోయెను. రాజ్యపు బలమంతయు ఆ సేనాపతి భుజములపై ఉన్నది గదా! కంకుభట్టు వేషమున ఉన్న ధర్మరాజు సైతము ఆమెను అంతఃపురమునకు పొమ్మనెను. పగటి సభలో దొరకని న్యాయము రాత్రి నర్తనశాలలో చీకటిచాటున దొరకెను. కథ అంతటితో ముగియలేదు. ఉపకీచకులు, తమ అన్న చావునకు ఈమెయే కారణమని, ఆమెను శవముతో పాటు కట్టి శ్మశానమునకు తీసికొనిపోయిరి. భీముడు ఆమెను విడిపించిన పిమ్మట, రాజు భయపడి ఆమెను కొలువు విడిచి పొమ్మని రాణిచేత చెప్పించెను. ఆమె పదమూడు దినముల గడువు మాత్రము కోరుకొనెను.

మొరపెట్టుకొన్న ఉద్యోగికి జరుగగల కీడులన్నియు ఇందు వరుసగా ఉన్నవి: పెద్దల మౌనము, తోటివారి నింద, బలవంతుని బంధువర్గపు పగ, చివరకు ఉద్వాసన. ఇప్పుడు మనము వేసికొనవలసిన ప్రశ్న ఇది. సైరంధ్రి పేరు తెలియనంత మాత్రమున విరాటుడు న్యాయము చేయలేకపోయెనా? జరిగిన అన్యాయము కన్నులయెదుట ఉన్నది. ఆమె ద్రౌపదియా కాదా అను సంగతితో ఆ తన్నునకు పని లేదు. కొరవడినది ఆమె పేరు కాదు. తీర్పు చెప్పవలసినవాని ధైర్యము.

పనిచేయు చోట కులమును బట్టియో, భాషను బట్టియో, ఆడది యగుటను బట్టియో, రోగమును బట్టియో ఒకరిని తక్కువచేసి చూచినపుడు, ఆ మనిషి తన పేరు బయటపడకుండ ఫిర్యాదు చేయుట ధర్మమేనా? ఈ ప్రశ్న మన ఇండ్లలో తరచుగా వినబడుచున్నది. దీనికి రెండు ఆక్షేపణలు కలవు. రెండును పెద్దమనుషులు చెప్పునవే; రెండింటను కొంత సత్యము కలదు.

మొదటి ఆక్షేపణ: నిజము చెప్పువానికి దాపరికమేల? పేరు పెట్టి చెప్పలేని మాట పిరికివాని మాట యని. రెండవ ఆక్షేపణ ఇంతకంటె బరువైనది: ఎదురుగా నిలువని వాని మాటపై ఒకరి పరువును, జీవనమును తూకము వేయవచ్చునా? ఆకాశరామన్న జాబులు ఎన్ని కొంపలు ముంచలేదు? పెండ్లి సంబంధములు చెడగొట్టినవి, ఉద్యోగములు ఊడగొట్టినవి, అన్నదమ్ములను విడదీసినవి మనకు తెలియనివి కావు. నిప్పు లేనిదే పొగ రాదను సామెతను అడ్డము పెట్టుకొని, ఏ పాపము ఎరుగనివానిని వెలివేసిన ఊళ్లును కలవు.

ఈ ఆక్షేపణలకు సమాధానము చెప్పుటకు ముందు, ఒక దానికొకటి పోలికగా కనబడు రెండు పనులను వేరుచేసి చూడవలెను. పేరు లేని జాబు వేరు. పేరును ఒకరి చేతిలో నిక్షేపముగా ఉంచిన జాబు వేరు. ఆకాశరామన్న తన మాటకు ఎవ్వరికిని జవాబుదారి కాడు. అతనిని పిలిచి అడుగుటకు లేదు. అబద్ధమని తేలినచో నిలదీయుటకు లేదు. రెండవవాడు అట్లు కాదు. అతడు విచారించువానికి తన పేరు, ఊరు, తాను చూచినది, విన్నది చెప్పి, వీథికి మాత్రము చెప్పవద్దని కోరుచున్నాడు. మొదటివాడు బాధ్యతనుండి దాగికొనుచున్నాడు. రెండవవాడు పగనుండి తలదాచుకొనుచున్నాడు. ఈ రెండింటికిని మనము ఒకే పేరు పెట్టుట న్యాయము కాదు.

ప్రభుత్వము వారి పద్ధతియొకటి ఈ భేదమును చక్కగా చూపును. అది లంచగొండితనమునకు సంబంధించినదే కాని వివక్షకు సంబంధించినది కాదు. అయినను అందలి నీతి రెండింటికిని చెల్లును. జాతీయ రహదారుల పనిలో ఉన్న సత్యేంద్ర దుబే అను యువ ఇంజనీరు 2002లో అక్రమములను గూర్చి ప్రధానమంత్రి కార్యాలయమునకు వ్రాసి, తన పేరు రహస్యముగా ఉంచవలెనని కోరెను. ఆ జాబు అతని పేరుతోనే ఆఫీసునుండి ఆఫీసునకు తిరిగెను. 2003 నవంబరు 27వ తేదీన గయలో అతడు హత్య చేయబడెను. ఆ హత్యకు జాబే కారణమని న్యాయస్థానమున తేలలేదు. అయినను, రహస్యముగా ఉంచుమన్న పేరును కాపాడలేకపోతిమన్న సంగతి దేశమును కలతపెట్టెను. పిమ్మట 2004లో కేంద్ర ప్రభుత్వము ఒక తీర్మానము చేసి, అట్టి ఫిర్యాదులను స్వీకరించు భారమును కేంద్ర నిఘా కమిషనునకు అప్పగించెను. దాని ప్రకారము ఫిర్యాదును మూసిన కవరులో పంపవలెను. కవరుపై పంపినవారి పేరు ఉండరాదు. లోపలి కాగితమున మాత్రము పేరు తప్పక ఉండవలెను. పేరు లేని ఫిర్యాదును స్వీకరింపరు. వెలుపల లేని పేరు లోపల ఉండుట! మనము చెప్పుచున్న ధర్మమంతయు ఆ కవరులోనే ఇమిడియున్నది.

మేము నివసించు మహారాష్ట్రముననే వివక్షను గూర్చిన వ్యాజ్యమొకటి ఈ విషయమున మార్గము చూపినది. ఒక ప్రభుత్వరంగ సంస్థలో తాత్కాలికముగా పనిచేయుచున్న కార్మికుడొకడు ఉండెను. వైద్యపరీక్షలో అతని రక్తమున హెచ్.ఐ.వి. ఉన్నట్లు తెలియగా, పని చేయు సత్తువ ఉన్నను అతనికి పని లేదనిరి. కోర్టుకు పోయినచో పని దొరకునేమో కాని, పేరు లోకమునకు తెలిసినచో ఇంటిలోను, వాడలోను తలయెత్తుకొని తిరుగుట యెట్లు? పోకున్నచో పస్తులు. ఈ రెండింటి నడుమ నలిగిన ఆ మనిషికి బొంబాయి హైకోర్టు పేరు మార్చి వ్యాజ్యము నడపుకొను అనుమతి నిచ్చెను. కోర్టు కాగితములలో అతడు ‘ఎం.ఎక్స్.’, సంస్థ ‘జెడ్.వై.’. పని చేయగల శక్తి ఉండి, ఇతరులకు అపాయము లేనపుడు, రోగమొక్కటే కారణముగా పని నిరాకరించుట రాజ్యాంగము చెప్పిన సమత్వమునకు విరుద్ధమని 1997లో తీర్పు వెలువడెను. అతని అసలు పేరు లోకమునకు తెలియదు. తెలియకపోవుటచేత తీర్పు బలము రవంతయు తగ్గలేదు. ఆ తీర్పు వలన మేలు పొందినవారెందరో కలరు; వారెవ్వరును అతని ముఖము ఎరుగరు. ఇరువది యేండ్ల పిమ్మట, 2017లో చేసిన హెచ్.ఐ.వి. చట్టము, ఇట్టి వ్యాజ్యములలో అసలు పేరునకు మారుగా వేరొక పేరు ఉంచు అధికారమును న్యాయస్థానములకు స్పష్టముగా ఇచ్చినది. అతనిని పిరికివాడని ఎవరనగలరు? తన పేరును దాచుకొనెనే కాని తన మాటను దాచుకొనలేదు.

ఇక రెండవ ఆక్షేపణ. నిందపడినవానికి న్యాయము సంగతి యేమి? ఇచ్చట మన తూకము మొగ్గరాదు. తనపై మోపిన నేరమేమో తెలియకుండ ఎవ్వడును జవాబు చెప్పుకొనలేడు. కొన్ని నేరములు, ఎవరియెడల చేసితివని చెప్పక, అడుగుటకే వీలు లేనివి. అందుచేతనే పనిచేయు చోట స్త్రీలపై జరుగు లైంగిక వేధింపులను గూర్చి 2013లో చేసిన చట్టము పేరును మూడు తీరుల చూచినది. ఫిర్యాదు వ్రాతపూర్వకముగా, సామాన్యముగా మూడు నెలలలోపల, కమిటీకి ఇవ్వవలెను. పదిమందియో అంతకు మించియో పనిచేయు ప్రతి చోటను అట్టి కమిటీ ఉండవలెను. కమిటీకి ఆమె పేరు తెలియును. ఫిర్యాదు ప్రతి ఏడు పనిదినములలో ఎదుటివానికి అందవలెను గనుక, అతనికిని తెలియును. లోకమునకు మాత్రము తెలియరాదు. ఆమె పేరే కాదు, అతని పేరును, సాక్షుల పేర్లును, విచారణలోని మాటలును పత్రికలకుగాని, ప్రజలకుగాని వెల్లడి చేయరాదని ఆ చట్టము శాసించినది. ఫిర్యాదును ఋజువు చేయలేకపోయినంత మాత్రమున అది అబద్ధపు ఫిర్యాదు కాదనియు, తెలిసి తెలిసి కల్పించినదైనచో మాత్రము చర్యకు సిఫారసు చేయవచ్చుననియు అదే చట్టము చెప్పుచున్నది.

దీనినిబట్టి మాకు తోచినది ఇది. పేరును దాచుట ఒకే పని కాదు. ఎవరినుండి దాచుచున్నామను దానినిబట్టి అది మూడు పనులు. తీర్పరినుండి పేరు దాచుట తగదు. దాచినచో మన మాట గాలిమాట యగును. ఎదుటివాని సంగతి, నేర స్వరూపమును బట్టి యుండును. ఒక ఆఫీసులో జీతముల పట్టికలోనే ఒక వర్గమువారికి తక్కువ కట్టుచున్నారనుకొందము. పట్టిక చూచిన చాలును. చెప్పినవాడెవడో ఎదుటివానికి అక్కరలేదు. ఒక గదిలో ఒక మనిషికి జరిగిన అవమానమైనచో చెప్పక తప్పదు. అప్పుడు రక్షణ యనగా పేరు దాచుట కాదు. పగ తీర్చుకొను చేతిని పట్టుకొనుట. విచారణ ముగియువరకు ఇద్దరిలో ఒకరిని వేరుచోటికి మార్చుట, బాధితురాలికి మూడు నెలల వరకు సెలవిచ్చుట అను వీలులను 2013 నాటి చట్టము కల్పించినది అందుకొరకే. ఇక మూడవది లోకము. లోకమునకు ఆ పేరుతో పని లేదు. ఫిర్యాదు చేసినవారి పేరును, నిందపడినవాని పేరును, తీర్పు వెలువడువరకు సమానముగా కాపాడుటయే ఉభయులకు న్యాయము.

ఇంతవరకు చట్టము చేయగల పని. చట్టమునకు చేతకాని పని మరియొకటి కలదు. అది మనవంటి వారికి మిక్కిలి ముఖ్యము.

పేరు కొట్టివేసినంత మాత్రమున మనిషి దాగునా? నూరుగురు పనిచేయు చోట మన భాష మాట్లాడువారు ఒక్కరే ఉన్నప్పుడు, ‘నా భాషను హేళన చేసిరి’ అని వ్రాసిన కాగితమునకు సంతకముతో పనియేమి? భారత రాజ్యాంగపు 350వ అధికరణము, తన బాధను విన్నవించుకొను ప్రతి మనిషికిని, కేంద్రమునగాని రాష్ట్రమునగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనను ప్రభుత్వాధికారులకు అర్జీ పెట్టుకొను హక్కు నిచ్చినది. పరాయి భాషల నడుమ నివసించువారికి అది గొప్ప వరము. కాని ఒక చిన్న ఆఫీసునుండి వచ్చిన తెలుగు అర్జీ, పేరు లేకున్నను, వ్రాసినవారిని వేలు పెట్టి చూపును. హక్కును వాడుకొనుటలోనే ఆనవాలు పట్టుబడుచున్నది. కావున పేరు కాపాడుమని కోరువారు పేరొక్కటే కాక, తమను పట్టిచ్చు ఇతర గురుతులను గూర్చియు ముందుగా ఆలోచింపవలెను: చేతివ్రాత, తామొక్కరే ఉన్న నాటి సంగతి, తమకొక్కరికే తెలిసిన మాట, ఆఫీసు కాగితము, ఆఫీసు యంత్రము. అట్టి గురుతు లేనిదే ఫిర్యాదు నిలువదనిన, దానిని వేరొక కాగితమున వ్రాసి, ఇది విచారించువారి కన్నులకు మాత్రమేయని స్పష్టముగా చెప్పవలెను. జరిగిన నాడే తేదీతో, చోటుతో, పలికిన మాటలతో ఇంటిలో వ్రాసిపెట్టుకొన్న నోటుపుస్తకము తరువాత పదిమంది సాక్షులంత పని చేయును.

అన్నింటికంటె పెద్ద గురుతు మరియొకటి కలదు. అది మన నోరు. ఇచ్చట మా తప్పొకటి ఒప్పుకొనకున్నచో ఈ వ్యాసము వ్రాయుటకు మాకు అర్హత లేదు.

కొన్నియేండ్ల క్రిందట మా ఊరి తెలుగు కుటుంబములోని అమ్మాయి యొకతె ఒక ప్రైవేటు ఆఫీసులో ఒప్పందముపై పనిచేయుచుండెను. మూడు తరములుగా ఈ ఊరనే పుట్టి పెరిగిన కుటుంబము. ఆమె మరాఠీ ఈ ఊరివారి మరాఠీయే. అయినను ఇంటిపేరు చూచి ఆమెను ‘బయటివారు’ అనెడివారు. తన వెనుక చేరిన ముగ్గురిని స్థిరపరచి తనను విడిచిపెట్టిరని, పైయధికారి పలికిన మాటలు తేదీలతో సహా చూపి, ఆమె సంస్థ ప్రధాన కార్యాలయమునకు ఫిర్యాదు వ్రాసెను. పంపుటకు ముందు భాష సరిచూడుమని సంఘములోని పెద్దలకు చూపెను. ఆ పెద్దలలో మేమును ఉంటిమి. ఎవ్వరికిని చెప్పవద్దని ఆమె కోరెను. మేము సరేయంటిమి.

మాలో ఎవ్వరికిని చెడ్డ తలంపు లేదు. ఒకరు జాలితో ఇంటిలో చెప్పిరి. ఇంటివారు, ‘పాపము, ఆ పిల్లకు ఎంత కష్టము వచ్చినదో’ యని చుట్టములతో అనిరి. ఆ ఆదివారము జరిగిన పెండ్లిలో, పంక్తి భోజనముల నడుమ, ఆ సంగతి అందరి సంగతి యాయెను. ఆ పంక్తిలో ఆ ఆఫీసులోనే పనిచేయువాని మేనమామ యొకడు ఉండెను. పెదవి దాటిన మాట పృథివి దాటునని మన పెద్దలు ఊరక అనలేదు. ఫిర్యాదు ప్రధాన కార్యాలయమునకు చేరకముందే పైయధికారి చెవిని పడెను. ఆమెను ఎవ్వరును పన్నెత్తి యేమియు అనలేదు. గడువు తీరగానే ఒప్పందము పొడిగింపలేదు; అంతే. ఆమె మా వద్దకు వచ్చి, కోపము లేకుండ, ఒక్క మాట అడిగెను: “బాబాయిగారూ, వాళ్లు నన్ను బయటిదానిగా చూశారని మీ దగ్గరకు వచ్చాను. ఇప్పుడు ఎవరి దగ్గరకు వెళ్లమంటారు?”

ఆ ప్రశ్నకు ఆనాడు మావద్ద జవాబు లేదు. కొన్నాళ్లకు ఆమె వేరొక చోట పని చూచుకొనెను. సంఘపు పండుగలకు మరల రాలేదు.

మనవంటి చిన్న సమాజములకు ఒక బలము, ఒక బలహీనత కలవు, రెండును ఒకటే. అందరికి అందరు తెలియుదురు. కష్టము వచ్చిన వేళ తలుపు తట్టకనే పదిమంది వత్తురు. ఆ పదిమంది నోళ్లే రహస్యము బయటికి పోవుటకు పది ద్వారములు. మనము పరులయెదుట, ‘మావారికి అన్యాయము జరుగుచున్నది’ అని మొరపెట్టుకొందుము. మనవారు మన చేతిలో పెట్టిన పేరును మాత్రము పెండ్లిపందిట పంచిపెట్టుదుము. అయినవారి జాలి పగవాని ద్వేషముకంటె వేగముగా చుట్టివచ్చునని మేము ఆ నాడు నేర్చుకొంటిమి.

ఒకరి సొమ్ము మనయింట దాచినచో దానిని ముట్టము. పొరుగువారు ఊరికి పోవుచు ఇచ్చిన నగల మూటను విప్పి చూచుటయే తప్పని పిల్లలకు చెప్పుదుము. పేరు అంతకంటె విలువైన నిక్షేపము. నగ పోయినచో మరల చేయించుకొనవచ్చును; బయటపడిన పేరును తిరిగి లోపల పెట్టుట ఎవ్వరి తరము కాదు. అందుచేత ధైర్యము చూపవలసిన భారమంతయు ఫిర్యాదు చేసినవారిపై మోపుట తగదని మా అభిప్రాయము. ఉపకారము చేయవచ్చిన మనపైన, కాగితమును విప్పిన గుమాస్తాపైన, విచారించు పెద్దలపైన, పక్కబల్లవద్ద కూర్చున్న తోటి ఉద్యోగిపైన ఆ భారము ఉన్నది. ‘పేరు పెట్టి చెప్పు, భయమెందుకు?’ అని అడుగుటకు ముందు, ‘ఆ పేరును నేను కాపాడగలనా?’ అని ఎవరికి వారు ప్రశ్నించుకొనవలెను. కాపాడలేనివానికి ఆ పేరు అడుగు హక్కు లేదు.

ఆనాటి పిమ్మట మా సంఘములో ఒక నియమము పెట్టుకొంటిమి. కష్టము చెప్పుకొన వచ్చినవారి మాటను ఒక్కరే విందురు. ఆ ఒక్కరిని వచ్చినవారే ఎన్నుకొందురు. కాగితము వారియొద్దనే ఉండును, ప్రతి తీసికొనము. ఇంటికి పోయి చెప్పము. ఇది చిన్న నియమమే. దీనిని పాటించుట మాత్రము చిన్న పని కాదని పాటించినవారికి తెలియును.

విరాటుని కొలువులో సైరంధ్రికి కావలసినది, పేరు అడుగకనే మాట వినునట్టి ఒక పెద్ద. అట్టి పెద్ద ఒక్కడున్నను ఆ కథకు నర్తనశాల చీకటి అవసరము లేకపోయెడిది. పరాయి కొలువులలో బ్రతుకు ఈడ్చుచు, చెప్పుకొనలేని మాటను గుండెలో దాచుకొన్న సైరంధ్రులు మన వీథులలోను కలరు. వారు రేపు మన తలుపు తట్టినచో, ముందుగా తలుపు మూసి, పిమ్మట మాట విందము.